రెండు వేళ్ళ గడి

పై అంతస్తుల నుంచి మూటలు గొట్టంలో జారుకుంటూ వచ్చి సెల్లారులో పడతాయి. పడిన చప్పుడును బట్టి అది ఏ అంతస్తు మూటో చెప్పేయగలదు మూటలక్క. "ఇది నాలుగోది" అంటుంది వెనక్కి తిరక్కుండానే. కొత్తమ్మాయి వెళ్ళి చీటీ చూసి, "నాలుగే! ఎలా చెప్తావక్కా?" అని ప్రతిసారీ అంతే ఆశ్చర్యపోతుంది. పందొమ్మిదేళ్ళు అదే చప్పుడు వింటే ఆ గోడకైనా వచ్చేస్తుంది ఆ విద్య, ఇందులో తన గొప్పేమీ లేదని మూటలక్కకు తెలుసు. అయినా ఆ సంగతి ఎవరికీ చెప్పదు.

అది అయిదంతస్తుల ఆసుపత్రికి అడుగున ఉన్న లాండ్రీ. పైన మనుషులు రోగం నయం చేయించుకుని ఇళ్ళకు వెళ్ళిపోతారు. వాళ్ళు పడుకున్న దుప్పట్లు, తొడుక్కున్న గౌన్లు, డాక్టర్ల కోట్లు, ఆఖరికి కిటికీ తెరలు కూడా మూటలై కిందికి వస్తాయి. వాటిని విప్పి, రక్తం మరకలవి ఒక తొట్టిలో, మందు మరకలవి ఒక తొట్టిలో, ఉత్తగా మాసినవి ఇంకో తొట్టిలో వేరుచేసే బల్ల మూటలక్కది. బల్లకు అవతలి వైపు కొత్తమ్మాయి. చేరి పద్నాలుగు నెలలైనా ఆమె కొత్తమ్మాయే, ఎందుకంటే ఆమె తరువాత అక్కడ ఎవర్నీ చేర్చుకోలేదు.

గోడ మీద ఎర్ర అక్షరాల బోర్డు ఒకటి ఉంది: గ్లౌజులు లేకుండా మూట ముట్టరాదు. మోచేతి దాకా వచ్చే మందపాటి రబ్బరు గ్లౌజులవి. వాటితో బకెట్టు మోయవచ్చు, తొట్టి తొయ్యవచ్చు, పీటముడి మాత్రం విప్పలేరు. పైన వార్డుల్లో ఆయాలు దుప్పటి నాలుగు కొసలూ కలిపి, బలమంతా పెట్టి లాగి పీటముడి వేస్తారు. గొట్టంలో మూట విడిపోయిందంటే చీవాట్లు తినేది వాళ్ళే మరి. ఆ ముడి కొస ఎక్కడుందో రబ్బరు వేళ్ళకు తెలియదు. అందుకని సెల్లారులో అందరూ కుడిచేతి గ్లౌజు తీసి, ఎడమ చంకలో ఇరికించుకుని, గోళ్ళతో ముడి విప్పి, మళ్ళీ గ్లౌజు తొడుక్కుని మూటలో చెయ్యి పెడతారు. రోజుకు వంద మూటలైతే వందసార్లు. బోర్డు పెట్టించినవాళ్ళు ఏనాడూ ముడి విప్పి ఎరగరు. ముడి విప్పేవాళ్ళను బోర్డు గురించి ఎవరూ అడగలేదు.

మంగళవారం పదకొండు గంటలప్పుడు కొత్తమ్మాయి "అమ్మా" అంది. అరవలేదు, మెల్లగానే అంది. ముడి మడతలో సూది ఇరుక్కుని ఉంది, ఎవరికో వాడేసిన సూది. ఆమె నడిమివేలి కొసన రక్తం చుక్క నిలిచింది. అంత కంగారులోనూ చంకలోని గ్లౌజు కింద పడకుండా చెయ్యి బిగించే ఉంచింది. గ్లౌజు కింద పడితే లోపల తడిసిపోతుంది, చంకలో పెట్టుకోమని చేరిన రోజునే ఆమెకు చెప్పింది మూటలక్క.

మూటలక్క ఆమె చేతిని కుళాయి కింద పెట్టి సబ్బుతో కడిగి పైకి తీసుకువెళ్ళింది. పైన రక్తం తీసుకున్నారు. నెల రోజులకు మాత్రలు రాశారు. ఆరు నెలల దాకా మళ్ళీ మళ్ళీ పరీక్షకు రావాలన్నారు. "ఏమీ కాదులే" అంది మూటలక్క మెట్లు దిగుతూ. ఏమవుతుందో ఆమెకు మాత్రం ఏం తెలుసు?

కింద సూపర్‌వైజరు అప్పటికే రిజిస్టరు తెరిచి కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు, ఒట్టి భయస్థుడు. చెవి మీద పెన్ను, నుదుటి మీద చెమట ఆయనకు ఎప్పుడూ ఉంటాయి. తేదీ, పేరు, జరిగినది, కారణం, సాక్షి అని రిజిస్టర్లో వరసగా గడులుంటాయి. కారణం రాసే గడి రెండు వేళ్ళ వెడల్పు. అందులో ఆయన చీమల్లాంటి అక్షరాలతో ఏదో రాసి, "ఇక్కడో సంతకం పడెయ్యి మూటలక్కా, సాక్షివి నువ్వే" అన్నాడు. గొట్టం కింద పద్దెనిమిది మూటలు పేరుకుపోయి ఉన్నాయి. మెషీన్ల దగ్గరివాళ్ళు "సరుకేదీ?" అని కేకలు పెడుతున్నారు. ఆమె తడి చెయ్యి ఏప్రనుకు తుడుచుకుని సంతకం పెట్టింది. చదవలేదు.

బుధవారం మధ్యాహ్నం అయిదో అంతస్తు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కొత్తమ్మాయి గ్లౌజు తీసి మూట ముట్టినట్టు రిజిస్టర్లో నమోదైందనీ, భద్రతా నియమాన్ని ఉల్లంఘించినందున నెలాఖరు తరువాత ఆమె పనిలోకి రానక్కర్లేదనీ దాని సారాంశం. సూపర్‌వైజరు నీళ్ళు నములుతూ చదివి వినిపించాడు.

"తీశాను కదా మరి" అంది కొత్తమ్మాయి తల వంచుకుని. "బోర్డు ఎదురుగానే ఉంది. నాదే తప్పు."

ఆ పిల్ల ఆ మాట నమ్మి అంటోంది. అది వినేసరికి మూటలక్కకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియక తొట్టిని ఒక్క తన్ను తన్నింది. తొట్టి కదల్లేదు. బొటనవేలు మాత్రం వాచింది.

*

మూటలక్కకు ఒక బ్లాగుంది. మూడేళ్ళ కిందట చెల్లెలి కూతురు సెలవులకు వచ్చినప్పుడు, "పెద్దమ్మా, నువ్వు చెప్పే కబుర్లు నేను వెళ్ళిపోయాక కూడా చదువుకోవాలి" అని ఫోనులో తెరిచి ఇచ్చి వెళ్ళింది. దాని పేరు 'మూట విప్పితే'. తలగడ గలీబు మీద ఏ పిల్లో పెన్నుతో గీసిన ఇల్లు, ఉతికితే పోతుందని దాన్ని మూడు రోజులు మెషీనులో వెయ్యకుండా దాచిన సంగతి అందులో రాసింది. డాక్టరుగారి కోటు జేబులో ఉడకబెట్టిన గుడ్డు దొరికిన సంగతి రాసింది. ఏ మరకకు చన్నీళ్ళు, ఏ మరకకు వేన్నీళ్ళు అన్నది రాసింది. చదివేవాళ్ళు పదకొండుమంది. వాన పడితే తొమ్మిదిమంది, ఎందుకో ఆమెకూ తెలియదు.

రాసింది ముందుగా అత్తగారికి వినిపించాలి. ఇది ఎవరూ పెట్టని నియమం. అత్తగారికి చూపు మసకబారాక చెవి పదునెక్కింది. ముఖ్యంగా ఎవరైనా ఏదైనా దాస్తే ఆ చెవికి ఇట్టే దొరికిపోతారు.

బుధవారం సాయంత్రం వంటింటి బల్ల దగ్గర అత్తగారు బఠానీలు ఒలుస్తూంటే మూటలక్క ఫోను చూసి చదివింది. బోర్డు, రబ్బరు గ్లౌజులు, పీటముడి, సూది, రెండు వేళ్ళ గడి. పక్క గదిలో ఆమె భర్త కుర్చీకాలు నునుపు చేస్తున్నాడు. ఆయన వడ్రంగి. గరుకు కాగితం చప్పుడు చదివినంతసేపూ వినిపిస్తూనే ఉంది.

"బాగుందే అమ్మాయ్" అంది అత్తగారు. "సాక్షి ఎవరు?"

"ఏమిటత్తయ్యా?"

"రిజిస్టర్లో సాక్షి గడి కూడా ఉందన్నావుగా. సంతకం ఎవరు పెట్టారు?"

మూటలక్క ఫోను బల్ల మీద పెట్టింది. "నేనే."

"అది రాయలేదే?"

అత్తగారు ఇంకో కాయ ఒలిచింది. "గ్లౌజు చంకలో పెట్టుకోమని ఆ పిల్లకు ఎవరు నేర్పారు? పుట్టుకతో రాదుగా."

"నేనే అత్తయ్యా."

"అదీ రాయలేదు. ఆసుపత్రిలో ప్రతివాళ్ళ మూటా విప్పుతావు, నీ మూట దగ్గరికి వచ్చేసరికి చేతులు రావటం లేదా?"

పక్క గదిలో గరుకు కాగితం ఆగింది. భర్త గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "అవన్నీ రాస్తే ముందు ఊడేది దీని ఉద్యోగం. పట్టుమని పదకొండుమంది చదివేదానికి ఎందుకొచ్చిన గొడవమ్మా ఇది?"

"నువ్వూరుకోరా. ఆ పదకొండుమందిలో నువ్వొకడివి."

"నేనా? నాకంత తీరికెక్కడిది!"

"కోటు జేబులో గుడ్డు సంగతి నాకు ముందు చెప్పింది ఎవరు? ఇది చదివి వినిపించకముందే నువ్వొచ్చి చెప్పి నవ్వావు."

ఆయన వెళ్ళిపోయాడు. ఆ తరువాత కుర్చీకాలు మీద గరుకు కాగితం మరీ గట్టిగా ఆడింది.

మూటలక్కకు భయం వేసింది. ఆ సంగతి తనలో తాను ఒప్పుకోక తప్పలేదు. పందొమ్మిదేళ్ళ పని. కానీ తల వంచుకుని 'నాదే తప్పు' అన్న పిల్ల మొహం కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. ఆ తప్పు ఆ పిల్ల చేతిలో పెట్టింది తను. దాని కింద సంతకం పెట్టింది కూడా తనే.

ఫోను తీసుకుని మళ్ళీ రాసింది. "గ్లౌజు తీయడం ఆమెకు నేర్పింది నేను. నాకు నా ముందున్నావిడ నేర్పింది. రిజిస్టర్లో ఏం రాశారో చదవకుండా సాక్షి సంతకం పెట్టింది కూడా నేనే. మూటలు ఎక్కువై చదవలేదు. ఇది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను."

కింద ఇంకో నాలుగు మాటలు చేర్చాలనిపించింది. వెంటనే చేర్చలేదు. ముందు లేచి మంచం మీది దుప్పట్లన్నీ తీసి, నాలుగు కొసలూ కలిపి జారుముడి వేసి, మెట్ల పై నుంచి కిందికి విసిరింది. దిగి వెళ్ళి చూసింది. మూట విడిపోలేదు. మళ్ళీ ఎక్కి విసిరింది. మూడోసారి విసిరేసరికి భర్త వచ్చి, "పిచ్చి ముదిరిందా?" అన్నాడు. అత్తగారు పకపకా నవ్వింది. ముడి మాత్రం చెక్కుచెదరలేదు. కొస పట్టుకుని లాగితే మాత్రం ఇట్టే వచ్చేసింది.

అప్పుడు రాసింది: "పైన మూటలు కట్టేవాళ్ళు ఎవరైనా దీన్ని చదివితే ఒక్క మాట. దుప్పటి దులిపి కట్టండి. పీటముడి వద్దు, జారుముడి వెయ్యండి. కొస బయటికి వదిలేస్తే గ్లౌజు చేత్తోనే లాగవచ్చు. గొట్టంలో విడిపోదు, నేను విసిరి చూశాను."

అత్తగారు అంతా మళ్ళీ విని తలూపింది. "ఇప్పుడు పెట్టు."

*

శుక్రవారం పొద్దున్నే బ్లాగు తెరిస్తే చదివినవాళ్ళు నాలుగు వందల పన్నెండు అని ఉంది. ఫోను పాడైందనుకుంది మూటలక్క. ఎవరు ఎవరికి పంపారో, ఎలా పాకిందో తెలియదు. పది గంటలకు అయిదో అంతస్తు నుంచి పిలుపు వచ్చినప్పుడు ఫోను బాగానే ఉందని అర్థమైంది.

ఆఫీసరమ్మకు ముప్ఫై అయిదేళ్ళుంటాయి. గది చల్లగా ఉంది, కిటికీకి లేత నీలం తెరలు. ఆ తెరలను మూటలక్క నెలనెలా చూస్తూనే ఉంటుంది గాని వేలాడుతుండగా చూడటం అదే మొదలు. బల్ల మీద ఆమె రాసినదంతా కాగితం మీద అచ్చువేసి ఉంది. ముడి గురించి రాసిన చోట ఏ గుర్తూ లేదు. 'నేర్పింది నేను' అన్న చోట మాత్రం ఎర్రగీత, రెండుసార్లు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"నేనేనండి."

"ఆసుపత్రి పేరు లేదు, నీ పేరు లేదు. అయినా అందరికీ తెలిసిపోయింది. నియమం తప్పడం వేరొకరికి నేర్పానని నీ అంతట నువ్వే ఒప్పుకున్నావు. నిన్ను ఇవాళే పంపించెయ్యడానికి ఈ ఒక్క వాక్యం చాలు. తెలుసా?"

"తెలుసండి. తెలిసే రాశాను."

ఆఫీసరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. ఈసారి గొంతు మెత్తబడింది. "చూడు, నేను మనిషిని కానా? సోమవారం పదింటికల్లా దీన్ని తీసెయ్యి. ఇదంతా ఊహించి రాశానని ఒక కాగితం రాసివ్వు. ఆ అమ్మాయిని దయతలచి ఉతికిన బట్టల మడతల దగ్గర వేయిస్తాను. రిజిస్టర్లో ఉన్నది ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. తియ్యనన్నావంటే ఇద్దరూ ఇంటికే. ఆలోచించుకో."

మూటలక్క నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"అసలు ఎందుకు రాస్తావమ్మా ఇవన్నీ?" అని అడిగింది ఆఫీసరమ్మ. నిజంగానే వింతగా ఉన్నట్టుంది ఆవిడకు. "డబ్బులొస్తాయా?"

"రావండి."

"పేరొస్తుందా అంటే పేరే పెట్టుకోలేదు. ఎవరు చదువుతున్నారో కూడా నీకు తెలియదు. మరెందుకు?"

ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కాసేపు తెరల కేసి చూసింది మూటలక్క. తరువాత తన కుడిచెయ్యి పైకెత్తి రెండు వేళ్ళు జోడించి చూపించింది.

"రిజిస్టర్లో కారణం రాసే గడి ఇంతుంటుందండి. మేం చెప్పేది అందులో పట్టదు. వేరే గడి ఎవరూ ఇవ్వలేదు. అందుకని నేనే గీసుకున్నాను."

*

ఆ మధ్యాహ్నం టీ తాగే వేళ కొత్తమ్మాయిని ఆరబెట్టే మెషీన్ల వెనకకు పిలిచి సంగతంతా చెప్పింది. తన ఉద్యోగం సంగతి మాత్రం మాట్లాడలేదు. "నీది నిలుస్తుంది. మడతల దగ్గర వేస్తారట. సూదుల బాధ ఉండదు. నువ్వు తీసెయ్యమంటే ఈ క్షణం తీసేస్తాను" అంది.

కొత్తమ్మాయి వేలికి కట్టుకున్న పట్టీ కొసను గోటితో గీకుతూ కూర్చుంది.

"మంగళవారం నుంచీ మా అమ్మ నాతో మాట్లాడలేదక్కా" అంది చివరికి. "చేజేతులా తెచ్చుకున్నావు, అజాగ్రత్త నీకు అని తిట్టి ఊరుకుంది. ముడి గురించి నేను చెప్పినా వినలేదు. తప్పు చేసినవాళ్ళు అలాగే చెబుతారు అంది. నిన్న నువ్వు రాసింది చదివి వినిపించాను. మొత్తం వింది. ఏమీ అనలేదు. లేచి వెళ్ళి మంచినీళ్ళూ మాత్రా తెచ్చి చేతిలో పెట్టింది."

మూటలక్క టీ గ్లాసు కింద పెట్టింది.

"ఇప్పుడు అది అబద్ధమని రాసిస్తావా? మళ్ళీ మా అమ్మకు ఏం చెప్పను? తప్పు నా నెత్తిన అలాగే ఉంచి, దయతలచి మడతల దగ్గర కూర్చోబెడితే నేను కూర్చోను. తియ్యకక్కా." ఒక్క క్షణం ఆగి, "కానీ నీ ఉద్యోగం?" అంది.

"నాదా? దాని సంగతి నేను చూసుకుంటాలే" అంది మూటలక్క. ఎలా చూసుకుంటుందో ఆమెకే తెలియదు. అయినా ఆ మాట అన్నాక వెన్ను నిటారుగా నిలిచింది.

శనివారం బ్లాగు కింద ఒక కామెంటు వచ్చింది. పేరు లేదు. సాయంత్రం అత్తగారికి చదివి వినిపించింది. "నాలుగో అంతస్తులో మూటలు కట్టేది నేనే. ముడి బిగిస్తే మంచిదనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎంత బిగిస్తే అంత పనిమంతురాలినని. ఆ సూది నా మూటలోదో కాదో తెలియదు. తెలుసుకోవాలంటే భయంగా ఉంది. ఆ అమ్మాయి ఎలా ఉంది?"

"బాగానే ఉందని రాయి" అంది అత్తగారు. "మాత్రలు వేసుకుంటోందని రాయి. అంతకు మించి ఏం రాసినా అబద్ధమవుతుంది." మూటలక్క అలాగే రాసింది.

*

సోమవారం ఏడింటికి బల్ల దగ్గర నిలబడింది. గ్లౌజులు తొడుక్కుంది. మొదటి మూట జారి పడింది. నాలుగో అంతస్తుది. అలవాటు కొద్దీ కుడిచేతి గ్లౌజు సగం దాకా లాగేసింది కూడా. అప్పుడు చూసింది, ముడి లోంచి దుప్పటి కొస ఒకటి జానెడు పొడుగున బయటికి వదిలి ఉంది.

గ్లౌజు మళ్ళీ పైకి లాక్కుంది. రబ్బరు వేళ్ళతో కొస పట్టుకుని లాగింది. మూట విడిపోయి బల్ల మీద పరుచుకుంది.

అవతలి నుంచి కొత్తమ్మాయి చూస్తోంది. రెండో మూట మూడో అంతస్తుది, దానికీ కొస ఉంది. తరువాతది రెండో అంతస్తుది, దానికీ ఉంది. ఒకటో అంతస్తు మూటకు కొస మరీ పొడుగ్గా, మూరెడు వదిలారు. కట్టినావిడకు జారుముడి కొత్తేమో, ఎందుకైనా మంచిదని వదిలినట్టుంది. కొత్తమ్మాయి దాన్ని లాగి పెద్దగా నవ్వేసింది. మంగళవారం తరువాత ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి.

పదింటికి ఫోను మోగింది. సూపర్‌వైజరు ఎత్తి, రిసీవరు మీద చెయ్యి పెట్టి, "మేడమ్ పైకి రమ్మంటున్నారు" అన్నాడు.

"చేతిలో పనుందని చెప్పండి. కావాలంటే ఆవిడనే దిగి రమ్మనండి."

"నేను అలా చెప్పలేను మూటలక్కా! నా ప్రాణం తియ్యకు."

"మొదటి సగం చెప్పండి చాలు."

ఆయన గుటక మింగి, "చేతిలో పనుందట మేడమ్" అని ఫోను పెట్టేసి, చెమట తుడుచుకున్నాడు.

పావుగంటకు ఆఫీసరమ్మ దిగి వచ్చింది. ఆవిరికీ వేడికీ గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగిపోయింది. తడి నేల మీద చూసుకుని చూసుకుని అడుగులు వేస్తూ బల్ల దాకా వచ్చింది. ఆవిడ ఉద్యోగంలో చేరాక సెల్లారులో అడుగు పెట్టడం అదే ప్రథమం.

"తీసేశావా?"

"లేదండి."

"తీస్తావా?"

"తియ్యనండి."

మెషీన్ల దగ్గరివాళ్ళు, ఇస్త్రీ దగ్గరివాళ్ళు ఒక్కొక్కరే పని ఆపి ఇటు తిరిగారు. ఆఫీసరమ్మ మొహం గట్టిపడింది. "సరే, నీ ఇష్టం. మీ ఇద్దరి కాగితాలూ ఇవాళే పంపిస్తాను. గ్లౌజు తియ్యకూడదన్నది చిన్నపిల్లలకైనా అర్థమయ్యే నియమం. దానికి కథలూ కావ్యాలూ అక్కర్లేదు."

గొట్టంలో పెద్ద చప్పుడు. మూట ధబ్బున పడింది.

"అయిదోది" అంది మూటలక్క వెనక్కి తిరక్కుండానే.

కొత్తమ్మాయి ఎత్తి బల్ల మీద పెట్టింది. లేత నీలం తెరలు, ఆఫీసువే. దానికి కొస లేదు. పొద్దుటి నుంచి వచ్చిన మూటలన్నిటిలో పీటముడి ఉన్నది అదొక్కటే. కిందనున్న నాలుగంతస్తులూ చదివి అర్థం చేసుకున్న సంగతిని, అచ్చువేసుకుని ఎర్రగీతలు గీసిన అంతస్తు మాత్రం చదవలేదు.

మూటలక్క పొడుగాటి పట్టకారుతో మూటను నాలుగు వైపులా నొక్కి నొక్కి చూసింది. తరువాత కొక్కేనికి ఉన్న కొత్త గ్లౌజుల జత తీసి ఆఫీసరమ్మ ముందు పెట్టింది.

"వెళ్ళే ముందు ఈ ఒక్క మూట విప్పి వెళ్ళండి మేడమ్. మీ గది తెరలే. సూదులుండవు, నేను చూశాను."

"నేనా?"

"చిన్నపిల్లలకైనా వచ్చే పనేనన్నారుగా."

అందరూ చూస్తున్నారు. కాదంటే చిన్నతనం. ఆఫీసరమ్మ గ్లౌజులు తొడుక్కుంది, మోచేతి దాకా. ముడి మీద చేతులు వేసింది. అటు లాగింది, ఇటు లాగింది. ముడిని తిప్పి చూసింది. బొటనవేలితో పొడిచింది. రబ్బరు జారిపోయింది. మళ్ళీ పొడిచింది. నుదుటి మీద చెమట పట్టింది. ఒక నిమిషం గడిచింది. ఎవరూ కదల్లేదు, ఎవరూ నవ్వలేదు. ఆవిడ కూడా పని మొదలుపెడితే పూర్తిచేసే మనిషే, వదిలిపెట్టలేదు. పళ్ళ మధ్య ఏదో గొణుక్కుని, విసురుగా కుడిచేతి గ్లౌజు ఊడబీకింది. దాన్ని ఎక్కడ పెట్టాలా అని చూసింది. బల్లంతా మాసిన బట్టలు, నేలంతా తడి. ఎడమ చంకలో ఇరికించుకుంది. వంగి, గోళ్ళతో ముడి కొస పట్టి, రెండు లాగుల్లో విప్పేసింది.

"ఇదుగో" అంది తలెత్తి, గెలిచినదానిలా.

కొత్తమ్మాయి ఆవిడ చంక కేసి చూస్తోంది. ఆఫీసరమ్మ కూడా అటు చూసుకుంది. తరువాత ఎదురుగా గోడ మీది ఎర్ర అక్షరాల కేసి చూసింది. మెడ దగ్గర మొదలైన ఎరుపు మెల్లగా చెవుల దాకా పాకింది.

ఆ పనిని ఆవిడకు ఎవరూ నేర్పలేదు.

సూపర్‌వైజరు ఎప్పుడు తెచ్చాడో, రిజిస్టరు చేతిలో పట్టుకుని బల్ల పక్కనే నిలబడి ఉన్నాడు. చెవి మీది పెన్ను తీశాడు. "కారణం గడిలో ఏమని రాయమంటారు మేడమ్?" అన్నాడు. వెటకారానికి అనలేదు, ఆయనకు వెటకారం రాదు. నియమం తప్పితే రాయాలి గనక, ఏం రాయాలో నిజంగా తెలియక అడిగాడు.

ఆఫీసరమ్మ చంకలోని గ్లౌజు తీసి బల్ల మీద పెట్టింది. రెండోది కూడా తీసి దాని పక్కన సరిగ్గా ఆనించి పెట్టింది.

"ఆ అమ్మాయి కాగితం నేను వెనక్కి తీసుకుంటాను" అంది ఎవరి కేసీ చూడకుండా. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "నువ్వు రాసింది..."

"ఉంటుందండి" అంది మూటలక్క.

ఆవిడ తలూపిందో లేదో ఆవిరిలో సరిగ్గా కనిపించలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు అయిదో అంతస్తు కేసి వెళ్ళిపోయింది.

సూపర్‌వైజరు రిజిస్టరుతో అలాగే నిలబడ్డాడు. వెనక్కి తిప్పి మంగళవారం పేజీ తీశాడు. తను రాసిన చీమల అక్షరాల కేసి కాసేపు చూశాడు. తరువాత సొరుగులోంచి ఒక పెద్ద తెల్లకాగితం తీసి, జిగురు రాసి, ఆ గడికి అంచున అంటించాడు. కాగితం రిజిస్టరు బయటికి వేలాడింది. "కొట్టివెయ్యకూడదు గాని, అతికించకూడదని ఎక్కడా లేదు" అని తనకు తానే చెప్పుకుని, పెన్ను కొత్తమ్మాయి చేతికిచ్చాడు. "నువ్వే రాయమ్మా. ఏం జరిగిందో అంతా రాయి."

ఆ పిల్ల బల్ల మూల ఇంత చోటు చేసుకుని రాసింది. పట్టీ కట్టిన వేలికి పెన్ను సరిగా ఆనక మధ్యమధ్య ఆపి చెయ్యి విదిలించుకుంది. కాగితం ఒక పక్కంతా నిండి రెండో పక్కకు తిప్పింది. రాయడం ముగిసేసరికి గొట్టం కింద ఇరవై మూటలు పేరుకుపోయాయి. మెషీన్ల దగ్గరివాళ్ళు "సరుకేదీ?" అని కేకలు మొదలుపెట్టారు.

"ఇక్కడో సంతకం పడెయ్యి మూటలక్కా, సాక్షివి నువ్వే" అన్నాడు సూపర్‌వైజరు అలవాటు కొద్దీ. "తొందరగా, పనాగిపోయింది."

"ఆగనివ్వండి" అంది మూటలక్క. గ్లౌజులు రెండూ తీసి, చెయ్యి శుభ్రంగా తుడుచుకుని, ఆయన కుర్చీయే లాక్కుని కూర్చుని, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది.